పిండారబోసిన వెన్నెల: ఒక అన్‌డిటెక్టెడ్ కేసులో ఊరి సాక్ష్యం

పోలీసు శాఖలో ఎస్సైగా చేరి డీఎస్పీగా రిటైరయ్యాను. సీఐగా ఉన్నప్పుడు నేను మళ్ళీ తెరిచిన ఒక పాత కేసు ఇది. తేలలేదు. అయినా కొత్త ఎస్సైలతో మాట్లాడాల్సి వచ్చినప్పుడు తేలిన కేసులకంటే దీన్నే ఎక్కువసార్లు చెప్పాను. మనుషుల వయసులు, బంధుత్వాలు, ఇంకొన్ని గుర్తులు మార్చాను. పేర్లు రాయడం లేదు.

నేపథ్యం

పల్నాడులో ఒక ఊరు. కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభ కట్టే ఊళ్ళు ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి కాబట్టి ఈ మాట చెప్పినంత మాత్రాన ఊరు బయటపడదు. 1990ల చివర్లో ఒక శివరాత్రి మర్నాడు పొద్దున్నే, మిరపచేల మధ్య ఉన్న బావిలో ఒక చెప్పు తేలుతూ కనిపించింది. పాతాళగరిగె వేసి వెతికితే ఇరవై నాలుగేళ్ళ కుర్రాడి శవం తగిలింది. ముందురోజు సాయంత్రం తిరునాళ్ళకు వెళ్తున్నానని ఇంట్లో చెప్పి బయల్దేరాడట.

తల వెనక గాయం ఉంది. పోస్టుమార్టం చేసిన డాక్టరు ముక్కు దగ్గర సన్నటి నురగ, ఊపిరితిత్తుల పరిస్థితి చూసి, నీళ్ళలో మునగడం వల్లే ప్రాణం పోయిందని రాశారు. గాయం బతికుండగా తగిలిందే అన్నారు. అది ఎవరైనా కొడితే తగిలిందా, పడేటప్పుడు బావి రాయి తగిలిందా అన్నది చెప్పలేనన్నారు. మొదట సీఆర్‌పీసీ (నేర విచారణ చట్టం) 174 కింద అనుమానాస్పద మృతిగా కట్టారు. పక్క చేను ఆయనతో గట్టు తగాదా ఉందని కుర్రాడి తండ్రి చెప్పాక ఐపీసీ 302, అంటే హత్య సెక్షన్‌కు మార్చారు. (2024 జూలై 1 నుంచి కొత్త చట్టాల్లో ఇవి బీఎన్‌ఎస్‌ఎస్ 194, బీఎన్‌ఎస్ 103 అయ్యాయి.) ఏడాదిన్నర తిరిగి, ఏ ఆధారమూ దొరక్క అన్‌డిటెక్టెడ్ (నేరస్థుడెవరో తేలలేదు) అని ఫైనల్ రిపోర్టు వేశారు.

ఊరు మాత్రం ఫైనల్ రిపోర్టు వేయలేదు. నేను వెళ్ళేసరికి పద్దెనిమిదేళ్ళు గడిచాయి. అప్పటికి అక్కడ నాలుగు కథలు నడిచి ఉన్నాయి. పక్క చేను పెద్దాయన చంపించాడన్నది ఒకటి. అమ్మాయి వ్యవహారమన్నది రెండోది. రాత్రిపూట మోటార్ల రాగి తీగ కోసుకుపోయే దొంగలను కుర్రాడు చూశాడని, అందుకే నెట్టేశారని మూడోది. అంతకుముందెప్పుడో ఆ బావిలో పడి చనిపోయిన మనిషి పిలిచిందన్నది నాలుగోది. ఏళ్ళు గడిచేకొద్దీ మొదటి కథ మిగతా మూడింటినీ మింగేసింది. కాలు జారి పడ్డాడేమో అన్న మాట మాత్రం నాకు ఒక్కరి నోటా వినపడలేదు. కాలు జారిందంటే ఎవరినీ తిట్టుకోవడానికి ఉండదు మరి.

నా దగ్గరికి ఎందుకు వచ్చింది

పెద్దాయన మనవరాలి సంబంధం మూడోసారి చెడిపోయింది. చూడవచ్చిన వాళ్ళకు బస్టాండు దగ్గర ఎవరో "ఆ ఇంటి సంగతి తెలుసా?" అని చెవిన వేశారు. ఇటువైపు, చనిపోయిన కుర్రాడి అన్న కొడుకు చదువు ముగించుకుని ఊరికి వచ్చాడు. బాబాయ్ పోయినప్పుడు అతనికి నాలుగేళ్ళు. బాబాయ్ ముఖం ఫొటోలో చూసిందే గానీ గుర్తు లేదు. చంపినవాడి పేరు మాత్రం ఊహ తెలిసినప్పటి నుంచీ వింటూ పెరిగాడు. టీ బంకు దగ్గర అతనికీ, పెద్దాయన కొడుక్కీ మాటామాటా పెరిగింది. రెండోసారి గొడవైనప్పుడు ఒకరి బండి డిక్కీలో వేటకొడవలి దొరికింది. ఆ తరువాతి సోమవారం అన్న కొడుకు ఎస్పీ గారి గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చాడు: ఫైలు తెరవాలి, పెద్దాయనకు నార్కో పరీక్ష (మత్తుమందు ఇచ్చి ప్రశ్నించడం) చేయాలి.

అర్జీ నా టేబుల్ మీదికి వచ్చింది. చట్టప్రకారం దారి మూసుకుపోలేదు. సీఆర్‌పీసీ 468లో కాలపరిమితి మూడేళ్ళ వరకు శిక్ష పడే నేరాలకే ఉండేది, హత్యకు లేదు. కొత్త ఆధారం దొరికితే 173(8) కింద తదుపరి దర్యాప్తు చేసే వీలుండేది. నిజం చెప్పాలంటే నా టెన్షన్ పాత హత్య గురించి కాదు. ఇప్పుడు చూడకపోతే ఇంకో ఆరు నెలల్లో అదే ఊళ్ళో ఎవరు చంపారో అందరికీ తెలిసిన హత్య ఒకటి జరిగేలా ఉంది.

నార్కో సంగతి ముందే తేల్చాను. మనిషి ఒప్పుకోకుండా నార్కో, పాలిగ్రాఫ్ చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. చిక్కేమిటంటే పెద్దాయనే "చేయించండి సార్, ఈ పీడ వదుల్తుంది" అన్నాడు. అయినా నేను వద్దన్నాను. మత్తులో అన్న మాట కోర్టులో సాక్ష్యంగా నిలవదు. ఇక ఊరి మాటకొస్తే, ఆయన "చంపలేదు" అంటే మందు పనిచేయలేదంటారు, తడబడితే ఒప్పుకున్నాడంటారు. రెండు వైపులా ఆయనకే నష్టమైన పరీక్షను ఆయన సంతకం పెట్టినంత మాత్రాన నేనెందుకు చేయించాలి?

మొదట చేసినవి

అందరూ చేసేదే నేనూ చేశాను. రెండు కుటుంబాల్లోంచి ముగ్గురేసి మగవాళ్ళను 107 కింద తహసీల్దారు గారి ముందు బైండోవర్ చేయించాను, అంటే శాంతిగా ఉంటామని పూచీకత్తు రాయించాను. కొడవళ్ళు లోపలికి వెళ్ళాయి. నోళ్ళు మాత్రం ఇంకా పెద్దవయ్యాయి. "పోలీసులకు అనుమానం లేకపోతే పెద్దాయన కొడుకును ఎందుకు బైండోవర్ చేస్తారు?" అన్నారు. అవతలి వైపు వాళ్ళను కూడా అంతమందినే చేశామన్న సంగతి కథలోకి ఎక్కలేదు.

రెండోది ఇంకా పెద్ద తప్పు, పూర్తిగా నాదే. రామాలయం అరుగు మీద ఊరివాళ్ళను కూర్చోబెట్టి, "ఎవరికేం తెలుసో భయం లేకుండా చెప్పండి" అన్నాను. అందరిముందూ మాట్లాడితే పుకార్లు వాటంతటవే రాలిపోతాయని నా లెక్క. జరిగింది దానికి తలకిందులు. మొదట నలుగురు నాలుగు రకాలుగా చెప్పారు. గంట గడిచేసరికి అరుగు మీద ఒక్క కథే మిగిలింది. పొద్దున్న మా కానిస్టేబుల్‌తో "నాకేం తెలియదు సార్, మేం కొండ దగ్గర ఉన్నాం" అన్న మనిషి, మధ్యాహ్నానికి "అవును, తడిసిపోయి వస్తుంటే చూశారంట" అన్నాడు. సాయంత్రానికి ఆ "అంట" కూడా రాలిపోయింది. మర్నాడు నేను మాట్లాడబోయిన వాళ్ళలో కనీసం పదకొండుమంది జ్ఞాపకాన్ని నా చేతులారా కలిపేశాను. పాత ముద్ద మీద కొత్త మట్టి మెత్తాక ఏది ఏదో విడదీయడం ఎవరి వల్లా కాదు.

దీని మీద చేసిన ప్రయోగాలు తరువాత చదివాను. అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1974లో ఒక కారు ప్రమాదం దృశ్యాన్ని 150 మంది విద్యార్థులకు చూపించింది. యాభైమందిని కార్లు "గుద్దుకున్నప్పుడు" ఎంత వేగంతో ఉన్నాయని, ఇంకో యాభైమందిని కార్లు "నుజ్జయ్యేలా ఢీకొన్నప్పుడు" ఎంత వేగంతో ఉన్నాయని అడిగింది. వారం తరువాత పగిలిన గాజు చూశారా అంటే మొదటి గుంపులో ఏడుగురు, రెండో గుంపులో పదహారుమంది చూశామన్నారు. ఆ దృశ్యంలో గాజు పగలనే లేదు. ఒక్క మాట మారితేనే ఇంత తేడా వస్తే, పద్దెనిమిదేళ్ళు ఒకే అరుగు మీద ఒకే కథ విన్నవాళ్ళ సంగతి ఊహించుకోండి.

రెండు గడుల నోట్‌బుక్

అరుగు దెబ్బ తరువాత పద్ధతి మార్చాను. ఎవరి ఇంటికి వాళ్ళింటికే వెళ్ళాను, ఖాకీ బట్టల్లో కాకుండా. పెద్దాయన ప్రస్తావన నేను తేకూడదని నియమం పెట్టుకున్నాను. "ఆ ఏడాది శివరాత్రికి మీరెక్కడున్నారు?" అన్నదే మొదటి ప్రశ్న. ప్రభ ఎన్నింటికి కదిలింది, ఎవరి ఎడ్లు కట్టారు, జాగారం ఎక్కడ చేశారు, తిరిగి ఎప్పుడొచ్చారు. ఇలా రోజంతా నడిపించాక గానీ బావి దగ్గరికి వచ్చేవాణ్ణి కాదు. నోట్‌బుక్‌లో రెండు గడులు గీశాను: చూసింది, విన్నది. విన్నదైతే ఎవరి నోట విన్నారో పక్కన రాయాలి.

ముప్పై నాలుగు మందితో మాట్లాడాను. వాళ్ళలో ఇరవై ఒక్కమంది ఆ రాత్రి అసలు ఊళ్ళోనే లేరు, కొండ దగ్గరున్నారు. చూసిన గడిలో ఎక్కువగా పడింది మర్నాడు శవం తీయడమే. "విన్న" గడి పక్కన రాసిన పేర్లను బాణం గుర్తులతో కలుపుకుంటూ పోతే, పెద్దాయన తడిబట్టలతో బావి వైపు నుంచి వచ్చాడన్న మాట ఎన్ని ఇళ్ళు తిరిగినా చివరికి ఒకే ఇంటి గడప దగ్గర ఆగింది. ఊరంతటికీ తెలిసిన విషయం నిజానికి ఒక్క మనిషికి తెలిసిన విషయం.

ఇంకో సంగతి. పాత సీడీ (కేస్ డైరీ) ఫైల్లో ఆ ఇంటి మామ్మ స్టేట్‌మెంట్ లేదు. ఆ రోజుల్లో ఎవరూ ఆమెను అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

మామ్మ చెప్పింది

అప్పటికి ఆమెకు డెబ్బై దాటాయి. నేను వెళ్ళేసరికి వసారాలో మిరపకాయల కుప్ప ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది. ఆ ఘాటుకు నాకు దగ్గు ఆగలేదు. ఆమె మాత్రం చేతులు ఆపకుండానే మాట్లాడింది.

"నాకు అబద్ధమాడాల్సిన పనేముంది నాయనా? నా కళ్ళతో చూశా. పిండారబోసినట్టుంది వెన్నెల. ఆయన బావి వైపు నుంచి వస్తున్నాడు. పంచె ఒంటికి అతుక్కుపోయింది, జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. వెనకాల ముగ్గురో నలుగురో ఉన్నారు. ఒక్కరూ మాట్లాడట్లేదు. నాకు ఒళ్ళు ఝల్లుమంది."

"అప్పుడే ఎవరికైనా చెప్పారా మామ్మా?"

"మా ఆయన నోరు మూసుకోమన్నాడు. ఆయన పోయాక చెప్పా."

నాకు ఆమె అబద్ధం చెబుతున్నట్టు అనిపించలేదు. నిజమే అయితే 164 కింద మేజిస్ట్రేటు గారి ముందు ఆమె వాంగ్మూలం రికార్డు చేయించాలా అని ఆలోచిస్తూ స్టేషన్‌కు వచ్చాను. నోట్సు ఫెయిర్ చేయమని మా హెడ్ కానిస్టేబుల్‌కు ఇచ్చాను. ఆయన ఏటా జాగారం చేసే మనిషి. సగం రాసి పెన్ను ఆపాడు.

"శివరాత్రికి వెన్నెలేంటి సార్?"

మాఘ బహుళ చతుర్దశి. మర్నాడు అమావాస్య. తెల్లవారబోయే ముందు గోరు ముక్కంత చంద్రుడు కనిపిస్తే కనిపిస్తాడు, అంతే. ఆ వెన్నెల మాట అప్పటికి నేను ఏడుగురి నోట విన్నాను, ఏడుసార్లూ నా చేత్తోనే రాసుకున్నాను. పాత పంచాంగం తెప్పించి చూశాం గానీ దాని అవసరం కూడా లేదు.

ఇక్కడ మూడు దారులున్నాయి. ఆమె అబద్ధమాడిందని తోసెయ్యొచ్చు. వయసు మీద పడింది, వెన్నెల ఒక్కటే కల్పన, మిగతాది నిజమేనని సర్దుకోవచ్చు. లేదా ఆమె చూసింది మొత్తం నిజమేననుకుని, ఏ రాత్రి చూసిందని అడగొచ్చు. మొదటిదానికి కారణం కనపడలేదు, ఆమెకు ఆ ఇంటితో పగా లేదు, పొత్తూ లేదు. రెండోది సుఖంగా ఉంటుంది, కానీ మనకు కావలసిన ముక్క ఉంచుకుని అడ్డొచ్చిన ముక్క పారేయడమే అవుతుంది. నన్ను మూడోదాని వైపు లాగింది వెనకాల మాట్లాడకుండా నడిచిన ఆ నలుగురు. ఊళ్ళో తిరిగిన కథల్లో వాళ్ళు లేరు. చంపి వస్తున్నవాడి వెనక నలుగురు ఊరేగింపులా నడవరు కాబట్టి, కథ చెప్పేవాళ్ళు ఎక్కడో వాళ్ళను రాల్చేశారు. చూసిన మనిషి మాత్రం రాల్చలేదు. కథకు పనికిరాకపోయినా మనిషి వదలని వివరం దొరికితే నేను దాన్నే పట్టుకుంటాను.

తడిబట్టలు

ఫైలు మళ్ళీ మొదటి నుంచి చదివాను. శవం దొరికిన ఇరవయ్యో రోజు నాటి సీడీలో అప్పటి ఎస్సై ఒక్క వాక్యం రాశాడు: "గ్రామ పెద్దలు అనుమానితుని తమ స్థాయిలో విచారించినట్లు తెలిసింది." మొదటిసారి చదివినప్పుడు విన్న మాటలే కదా అని దాటేశాను.

పెద్దాయన దగ్గరికి వెళ్ళి, పెద్దలు ఏం చేశారని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పాడు. కుర్రాడి తండ్రి పట్టుబట్టాడట. శివరాత్రి వెళ్ళాక వచ్చిన పున్నమి రాత్రి, ఊరు సద్దుమణిగాక, నలుగురు పెద్దలు ఆయన్ను ఆ బావి దగ్గరికే తీసుకెళ్ళారు. అప్పటికి నీళ్ళన్నీ తోడించేసి బావి శుభ్రం చేయించారు. కొత్తగా ఊరిన నీళ్ళు బిందెతో తలమీద పోసుకుని, తడిబట్టలతో గుడిదాకా నడిచి, కర్పూరం ఆర్పి ప్రమాణం చేశాడు.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఏమంటారు సార్? అనుమానం లేకపోతే ప్రమాణం ఎందుకు చేయించారంటారు. పిల్లాడి తండ్రి కూడా గుట్టుగా ఉంచమన్నాడు. నేను మాట ఇచ్చా."

ఒక్కడి మాట మీద ఆగకూడదు, అందులోనూ అనుమానితుడి మాట. ఆ నలుగురిలో ముగ్గురు పోయారు. మిగిలినాయన్ను ఊళ్ళో ఇంకా మునసబు గారనే అంటారు. ఆ పదవి 1984లోనే రద్దయింది, పిలుపు మాత్రం మిగిలింది. అప్పటికి వేరే ఊళ్ళో కూతురి దగ్గర ఉంటున్నాడు. అరుగు మీద చేసిన తప్పు మళ్ళీ చేయదలచుకోలేదు. ప్రమాణం, పున్నమి, తడిబట్టలు అన్న మాటల్లో ఒక్కటీ నా నోటి వెంట రానివ్వకుండా, ఆ నెల పెద్దలు ఏం చేశారని మాత్రమే అడిగాను. ఆయన తనంతట తానే పున్నమి అన్నాడు, బిందె అన్నాడు. దారిలో ఒక ఇంటి వసారాలో ఆడమనిషి ఎవరో లేచి నిలబడిందని కూడా అన్నాడు.

శివరాత్రికీ ఆ పున్నమికీ మధ్య పదహారు రోజులు. మామ్మ మనసులో ఆ పదహారు రోజులు మడతపడిపోయాయి. చంపలేదని చెప్పడానికి ఆయన పోసుకున్న నీళ్ళే, చంపాడనడానికి రుజువయ్యాయి.

ఒక జాగ్రత్త చెప్పాలి. దీనివల్ల పెద్దాయన నిర్దోషి అని తేలలేదు. ప్రమాణం సాక్ష్యం కాదు. గట్టు తగాదా అబద్ధమూ కాదు. ఆయన మీద ఉందనుకున్న ఒకే ఒక్క కళ్ళారా చూసిన సాక్ష్యం ఆ రాత్రిది కాదని మాత్రమే తేలింది. నా రిపోర్టులో అంతవరకే రాశాను. "అందరికీ తెలుసు" అన్నదాని బరువు ఎంతో మన రాష్ట్రం చూసింది. 2007లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో జరిగిన విద్యార్థిని హత్యలో ప్రతి టీ కొట్టూ ఒక నేరస్థుణ్ణి తేల్చింది. కింది కోర్టు 2010లో శిక్ష వేసిన యువకుణ్ణి 2017లో హైకోర్టు నిర్దోషిగా వదిలేసింది.

ఊరికి చెప్పిన తీరు

మళ్ళీ రామాలయం దగ్గర మైకు పెట్టమని సర్పంచ్ అన్నాడు. ఒప్పుకోలేదు. పోలీసు వచ్చి "మీరనుకున్నది తప్పు" అంటే "ఎంత ముట్టిందో" అన్నదే జవాబు. మాట ఎక్కడ పుట్టిందో అక్కడికే వెళ్ళాను.

"మామ్మా, నువ్వు చూసింది నిజమే. చూసిన రోజే వేరు" అని మొదలుపెట్టి, పున్నమి సంగతి చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి. చాలాసేపటికి, "అందుకేనా మునసబు గారి చేతిలో బిందె ఉంది?" అంది. బిందె సంగతి అంతకుముందు ఆమె నాకు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఎవరికైనా చెప్పమని నేను అడగలేదు. వారం తిరక్కుండా ఆమే పెద్దాయన ఇంటికి వెళ్ళి, గుమ్మంలో కూర్చుని ఏడ్చిందని మా బీట్ కానిస్టేబుల్ చెప్పాడు. ఆ తరువాత ఆ మాట పాత బాణం గుర్తుల దారిలోనే ఇల్లిల్లూ తిరిగింది.

ఊరు పూర్తిగా మారిందంటే అబద్ధం. నెల తిరక్కుండా కొత్త కథ పుట్టింది: పెద్దలే ఏదో చేసి, ప్రమాణం నాటకం ఆడారని. ముగ్గురు ఎలాగూ పోయారు. కొడవళ్ళు బయటికి రాకుండా ఉన్నంతవరకూ నేను దాన్ని పట్టించుకోలేదు. సరైన పనేనా అంటే ఇప్పటికీ పూర్తిగా చెప్పలేను, మునసబు గారు ఇంకా బతికే ఉన్నారు కదా. మనవరాలి పెళ్ళి ఆ ఏడాదే జరిగింది.

నా పనిలో మారింది చెప్పాలంటే, ఆ తరువాత పాత కేసుల్లో సాక్షిని అడిగే ముందు ఆ రోజు తిథి చూసుకునేవాణ్ణి. గుంపులో ఎవరినీ ఏమీ అడగలేదు. సాక్షులు పోలీసులకు చెప్పే 161 స్టేట్‌మెంట్లలో "చూశాను" అని రాసే ముందు "ఎప్పుడు, ఎక్కడి నుంచి, ఏ వెలుగులో" అని అడగమని ఎస్సైలతో పోరు పెట్టేవాణ్ణి. విసుక్కునేవాళ్ళు.

అన్న కొడుకు మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. రిపోర్టు కాపీ తీసుకుని, నా ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు. ఏడాది తరువాత ఒక రోజు స్టేషన్‌కు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. పంచనామా జిరాక్సు మీద ఒక లైను కింద ఎర్ర పెన్నుతో గీత గీసి ఉంది. బావి దగ్గర మోటారు మెయిన్ స్విచ్ ఆన్‌లో ఉందన్న లైను అది. ఆ రోజుల్లో చేలకు కరెంటు వంతులవారీగా, చాలాసార్లు రాత్రిపూటే వచ్చేది.

"మా బాబాయ్ తిరునాళ్ళకు పోకుండా మోటారు వెయ్యడానికి పోయుంటాడా సార్? ఆ పొద్దున చేలో నీళ్ళు పారి ఉన్నాయా? సాళ్ళు తడిగా ఉన్నాయా, పొడిగా ఉన్నాయా?"

ఫైలు తెప్పించి పంచనామా మొత్తం మళ్ళీ చదివాను. బావి లోతు ఉంది, రాళ్ళ వరస ఉంది, చెప్పు రంగు కూడా ఉంది. చేను గురించి ఒక్క మాట లేదు.